పిడికిలి వెనుక ఒక ఇల్లు

నల్లమల అడవి అంచున అచ్చంపేట ఉన్నది. ఆ ప్రాంతం కుర్రవాడు సినిమా హీరో అయినాడంటే నాగర్‌కర్నూలు జిల్లాలో సంతోషించని వారెవరు? ఆ హీరో విజయ్ దేవరకొండ. 2022 ఆగస్టు 25న విడుదలైన "లైగర్" చిత్రంలో ఆయన బొంబాయి వీధుల్లో తల్లితో కలిసి టీ అమ్ముకునే కుర్రవాడుగా కనిపించాడు. ఆ కుర్రవాడికి మాట తడబడుతుంది గాని పిడికిలి తడబడదు. కొట్లాటే వృత్తిగా పెట్టుకుని, మెట్టు మెట్టూ ఎక్కి అమెరికా దాకా వెళతాడు. ఒకనాటి ప్రపంచ బాక్సింగ్ విజేత మైక్ టైసన్ కూడా అందులో దర్శనమిస్తాడు.

చిత్రం అనుకున్నంత ఆడలేదు. అయితే పోతూ పోతూ ఒక మాటను మన ఊళ్ళలో వదిలిపెట్టి పోయింది. "ఎం.ఎం.ఏ." అన్నది ఆ మాట. గద్వాల కోట వీధిలోనైనా, వనపర్తి బస్టాండు దగ్గరైనా పదిహేనేళ్ళ కుర్రవాణ్ణి ఆపి అడిగి చూడండి. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటే ఏమిటో మీకూ నాకూ పాఠం చెబుతాడు.

ఒకనాటి సాయంత్రం మీ అబ్బాయి, లేదా మీ అమ్మాయే అనుకోండి, బడి సంచీ కింద పడేసి "నాన్నా! నేను ఫైటర్నవుతాను" అన్నదనుకుందాం. మీరేమంటారు? వాళ్ళమ్మ ముందుగా "ముక్కు పగిలితే ఎవరు చేసుకుంటారే నిన్ను?" అంటుంది. మీరు పేపరు మడిచి, కళ్ళజోడు తీసి "ముందు లెక్కలు చేసుకో, తరువాత కొట్లాడుదువు గాని" అంటారు. అక్కడితో ఆ సంభాషణ ముగుస్తుంది. నూటికి తొంభై తొమ్మిది ఇళ్ళలో ముగిసే తీరు అదే.

నూరవ ఇంట్లో ఏం జరిగిందో చెప్పడానికే ఈ వ్యాసం. ఆ ఇల్లు సినిమాలోది కాదు. మన రాష్ట్రంలోదే. మనది కృష్ణ ఒడ్డయితే ఆ ఇల్లు గోదావరి వైపున, నిజామాబాదులో ఉన్నది. వెండితెర మీద లైగర్ పిడికిలి బిగించడానికి మూడు నెలల ముందే, ఆ ఇంటి అమ్మాయి నిజంగా ప్రపంచాన్ని గెలిచి వచ్చింది. ఆమె పేరు నిఖత్ జరీన్.

ఏమిటీ ఆట?

నిఖత్‌ది బాక్సింగ్, అంటే ముష్టియుద్ధం. ఎం.ఎం.ఏ. దానికి దాయాది. బాక్సింగులో పిడికిలి తప్ప వేరే ఆయుధం లేదు, నడుము కింద కొట్టరాదు, పడినవాణ్ణి ముట్టరాదు. ఎం.ఎం.ఏ.లో పిడికిలితో పాటు కాలి తన్నూ, కుస్తీ పట్టూ, నేల మీద పడేసి కీలు బిగించే విద్యా అన్నీ చెల్లుతాయి. ఓర్చుకోలేనివాడు చేత్తో తట్టి "చాలు" అని ఒప్పుకుంటాడు. 1993 నవంబరులో అమెరికాలోని డెన్వరు నగరంలో ఈ తరహా పెద్ద పోటీ మొదటిసారి జరిపినప్పుడు బరువుల తేడా చూడకుండా మనుషుల్ని బరిలోకి దింపారు. గెలిచినవాడు కండలు తిరిగిన భీముడు కాదు. రోయిస్ గ్రేసీ అనే సన్నపాటి బ్రెజిల్ యువకుడు, పట్టు తెలిసినవాడు, తనకన్నా బరువైనవాళ్ళను ఒకే రాత్రి వరుసగా ఓడించాడు. తరువాత నియమాలు, బరువు తరగతులు, వైద్యపరీక్షలు వచ్చాయి.

ఇదంతా మనకు బొత్తిగా కొత్త అనుకోనక్కరలేదు. గద్వాల దాటి కన్నడదేశంలోకి పోయి, మైసూరు దాకా వెళితే, దసరాలో జెట్టీలు వజ్రముష్టి పట్టి పోరాడటం చూడవచ్చు. తలమీద తొలి రక్తపు బొట్టు కనబడగానే ఆ పోరు ఆపేస్తారు. ఇక మన తెలుగునాట మల్లుడంటే పెద్దలకు ముందుగా జ్ఞాపకం వచ్చేది శ్రీకాకుళం వైపు వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు. బలప్రదర్శనే జీవనంగా దేశమంతా తిరిగి "కలియుగ భీముడు" అనిపించుకున్నాడు.

బలం సంగతికి వస్తే, పాలమూరువాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ రోడ్డు వేసినా అక్కడ పాలమూరు కూలీ చెయ్యి ఉండేదని పేరు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఊళ్ళనుంచి తరతరాలుగా జనం తట్టా పారా పట్టుకుని వలస పోయారు. రెక్కల బలం మన దగ్గర ఏనాడూ కరువు కాలేదు. ఆ బలానికి గురువూ, వేళకు తిండీ, వెనుక నిలబడే ఒక మనిషీ కరువయ్యారు. నిఖత్ కథలో చూడవలసింది కూడా ఆ సంగతే.

మైదానంలో ఒక ప్రశ్న

నిఖత్ 1996 జూన్ 14న పుట్టింది. తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్ స్వయంగా ఆటగాడు. ఫుట్‌బాలు, క్రికెట్టు ఆడినవాడు. బతుకు తెరువు కోసం కొన్నేళ్ళు సౌదీ అరేబియాలో ఉద్యోగం చేశాడు. తల్లి పర్వీన్ సుల్తానా. నలుగురూ ఆడపిల్లలే. మూడవది నిఖత్.

ఆ పిల్ల ఇంట్లో కూర్చునే రకం కాదు. తండ్రి ఆమెను పరుగు పందాలలో పెట్టాడు. ఒకనాడు నిజామాబాదు కలెక్టరేటు మైదానంలో ఆటల పోటీలు జరుగుతున్నాయి. అన్ని ఆటల్లోనూ ఆడపిల్లలు కనబడుతున్నారు. బాక్సింగులో మాత్రం ఒక్కరూ లేరు. బాక్సింగు మగపిల్లల ఆటేనా అని ఆమె తండ్రిని అడిగింది. కాదు, ఆడపిల్లలూ ఆడవచ్చు, అయితే వాళ్ళకు అంత బలం లేదని లోకం అనుకుంటుంది అని ఆయన బదులు చెప్పాడు.

ఆ మాట పిల్ల మనసులో ముల్లులా నాటుకుంది. 2009లో, పదమూడేళ్ళ వయసులో, బాబాయి వరసైన శంసముద్దీన్ దగ్గర శిక్షణలో చేరింది. ఆయన నిజామాబాదులో ఎందరికో గ్లవ్సు తొడిగిన గురువు. కామన్‌వెల్త్ క్రీడల్లో రెండుసార్లు కాంస్యం తెచ్చిన హుసాముద్దీన్ ఆయన కుమారుడే. అక్కడ నేర్చుకునేవాళ్ళందరూ మగపిల్లలు. ఆడపిల్ల ఆమె ఒక్కతే. ఆడపిల్ల కదా అని ఎవరూ దెబ్బ తగ్గించలేదు.

ఒకనాడు కన్ను కమిలి, ముఖం వాచి ఇంటికి వచ్చింది. తల్లి చూసి ఏడ్చింది. ఈ ముఖంతో పెళ్ళెలా అవుతుందని ఆమె దిగులు. పేరు వస్తే పెళ్ళికొడుకులే వరుస కడతారులే అని కూతురు నవ్వింది. ఈ ముచ్చట నిఖత్ తరువాత ఎన్నోచోట్ల చెప్పింది. నవ్వుతూ చెప్పినా, అమ్మ కంటనీటి బరువు ఎంతో అందరికీ తెలుసు.

బయటి మాటలు వేరే ఉన్నాయి. ఆడపిల్ల నిక్కరు వేసుకుని ఆడటమేమిటని అన్నవాళ్ళున్నారు. తండ్రి వాదనకు దిగలేదు. పొద్దున్నే లేచి కూతుర్ని మైదానానికి తీసుకుపోయాడు. ఆ పని ఒక రోజు ఎవరైనా చేస్తారు. ఏళ్ళ తరబడి చేయడంలోనే ఉన్నది విశేషం.

శిక్షణ నిజామాబాదుతో ఆగలేదు. విశాఖపట్నంలో క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రానికి వెళ్ళింది. ద్రోణాచార్య పురస్కారం పొందిన ఐ. వెంకటేశ్వరరావు అక్కడ గురువు. 2011లో టర్కీ దేశపు అంతాల్యా నగరంలో బాలికల ప్రపంచ పోటీల్లో బంగారు పతకం గెలిచింది. గ్లవ్సు తొడిగి రెండేళ్ళు. వయసు పదిహేను నిండకముందే!

ఇక్కడ ఆపి "శుభం" కార్డు వేస్తే ఇది సినిమా అయ్యేది. కాని అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

పదకొండేళ్ళ నిరీక్షణ

పిల్లల పోటీల్లో గెలవడం వేరు, పెద్దవాళ్ళ బరిలో నిలవడం వేరు. నిఖత్ బరువు తరగతిలో అప్పటికే మణిపూర్ మేరీ కోమ్ ఉన్నది. ఆరుసార్లు ప్రపంచ విజేత. ఆడవాళ్ళ బాక్సింగు ఒలింపిక్సులో చేరిన తొలిసారే, 2012 లండనులో, కాంస్యం తెచ్చిన మహాయోధురాలు. మహావృక్షం కింద మొక్క ఎదగాలంటే ఎండ ఎక్కడినుంచి వస్తుంది?

2017లో మరొక దెబ్బ తగిలింది. భుజం కీలు తప్పింది. శస్త్రచికిత్స అయింది. ఏడాదిపాటు బరి ముఖం చూడలేదు. తోటివాళ్ళు పతకాలు తెస్తుంటే, చెయ్యి ఎత్తలేక ఇంట్లో కూర్చోవడం ఇరవై ఒక్కేళ్ళ పిల్లకు ఎలా ఉంటుందో ఊహించుకోండి. తిరిగి లేచింది. 2019లో బల్గేరియా రాజధాని సోఫియాలో, ఐరోపాలో పాత పోటీగా పేరున్న స్ట్రాంజా టోర్నమెంటులో బంగారం గెలిచింది.

అదే ఏడు టోక్యో ఒలింపిక్సు అర్హత పోటీలకు ఎవరిని పంపాలన్న ప్రశ్న వచ్చింది. ఎంపిక పోటీ లేకుండా మేరీ కోమ్‌నే పంపుతారన్న మాట వినబడింది. నిఖత్ ఊరుకోలేదు. తనకు ఒక అవకాశం ఇప్పించండి, న్యాయంగా ఎంపిక జరపండి అని అప్పటి కేంద్ర క్రీడామంత్రి కిరణ్ రిజిజుకు బహిరంగంగా లేఖ రాసింది. పెద్దల మీదికి పోతున్నదని కొందరు తప్పుపట్టారు. ఎట్టకేలకు 2019 డిసెంబరు 28న ఢిల్లీలో పోటీ జరిగింది. నిఖత్ 9-1తో చిత్తుగా ఓడిపోయింది. పోటీ ముగిశాక కరచాలనం కూడా దక్కలేదు.

అడిగి సాధించుకున్న అవకాశంలోనే ఓడిపోవడం కన్నా పెద్ద అవమానం ఉంటుందా? ఆ రాత్రి గ్లవ్సు పారేసి ఉంటే లోకం తప్పుపట్టేది కాదు. ఆమె పారేయలేదు. చదువూ వదలలేదు. 2021లో బ్యాంక్ ఆఫ్ ఇండియాలో ఉద్యోగం వచ్చింది. అది గమనించండి: ప్రపంచ కిరీటం కన్నా ముందు నెల జీతం వచ్చింది. మధ్యతరగతి ఇంటికి అది ఎంత ధైర్యమో వేరే చెప్పాలా?

తొమ్మిది నిమిషాలు

బాక్సింగులో పోటీ మూడు రౌండ్లు. రౌండుకు మూడు నిమిషాలు. మధ్య ఒక్కొక్క నిమిషం విశ్రాంతి. మొత్తం పోరు తొమ్మిది నిమిషాలు. రింగు చుట్టూ అయిదుగురు న్యాయనిర్ణేతలు కూర్చుంటారు. ప్రతి రౌండులోనూ మెరుగైనవారికి పది, రెండవవారికి తొమ్మిదో అంతకు తక్కువో మార్కులు వేస్తారు. అయిదుగురూ ఒకే మనిషి వైపు మొగ్గితే దాన్ని 5-0 అంటారు.

2022 మే 19న ఇస్తాంబుల్ నగరంలో ప్రపంచ పోటీల ఫైనలు, 52 కిలోల తరగతి. ఎదుట థాయిలాండుకు చెందిన జిత్‌పాంగ్ జుతామస్. నిఖత్ దూరం నుంచి సూటి దెబ్బలు విసిరింది. ప్రత్యర్థి దగ్గరకు వస్తే పక్కకు తప్పుకున్నది. గంట మోగింది. 5-0! మేరీ కోమ్, సరితాదేవి, జెన్నీ, లేఖల తరువాత ప్రపంచ విజేత అయిన అయిదవ భారత మహిళ ఆమె. తెలుగుగడ్డ మీద పుట్టిన ఆడపిల్లల్లో ఆ కిరీటం పెట్టుకున్న మొదటిది ఆమే.

తొమ్మిది నిమిషాల ఆ గెలుపు వెనుక పదమూడేళ్ళున్నాయి. బాలికగా గెలిచిన నాటినుంచి లెక్కపెడితే పదకొండేళ్ళ నిరీక్షణ ఉన్నది. తెలంగాణ ప్రభుత్వం రెండు కోట్ల రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో బంగారం వచ్చింది. అర్జున పురస్కారం వచ్చింది. 2023 మార్చి 26న ఢిల్లీలో, ఈసారి 50 కిలోల తరగతిలో, వియత్నాం బాక్సర్ న్గుయెన్ థి తామ్‌ను ఓడించి రెండవసారి ప్రపంచ విజేత అయింది.

బరువు తరగతి ఎందుకు మారింది? ఒలింపిక్సులో 52 కిలోల తరగతి లేదు, 50 ఉన్నది. రెండు కిలోలే కదా అనుకుంటాం. మనం తిరుమల వెళ్ళివస్తే పెరిగేది అంత! కాని కొవ్వన్నదే లేని ఒంట్లోనుంచి రెండు కిలోలు తీయాలంటే తిండినుంచీ, నీటినుంచీ తీయాలి. 2024 ఆగస్టు 1న పారిసు ఒలింపిక్సులో ఆ బాకీ తీర్చవలసి వచ్చింది. ముందటి పోటీలో జర్మనీ బాక్సరును గెలిచిన నిఖత్, సీడింగు లేకపోవడం వల్ల వెంటనే చైనా దిగ్గజం వు యు ఎదుట పడింది. బరువు దాటకుండా ఉండటానికి రెండు రోజులుగా తిండి లేదు, నీళ్ళు కూడా లేవని ఆమె తరువాత చెప్పింది. అయిదుగురు న్యాయనిర్ణేతలూ అటే మొగ్గారు. 0-5. వు యు చివరికి బంగారమే గెలిచింది. నిఖత్ కన్నీళ్ళు పెట్టుకుంది.

ఆ సెప్టెంబరులోనే తెలంగాణ పోలీసు శాఖలో డి.ఎస్.పి.గా చేరింది. ఖాకీ దుస్తులు వచ్చినా గ్లవ్సు విడవలేదు. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో క్వార్టర్ ఫైనలులో ఓడింది. నవంబరులో ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ కప్పు ఫైనల్సులో 51 కిలోల తరగతిలో మళ్ళీ బంగారం గెలిచింది. ఓటమి, గెలుపు, ఓటమి, గెలుపు. ఏ ఫైటరు ఖాతా తెరిచినా ఇలాగే ఉంటుంది.

రెండవ దారి

లైగర్ చూపిన దారి వేరు. అందులో దేశం తరఫున ఆడటం, పతకానికి ఉద్యోగం ఇవ్వటం ఉండవు. కంపెనీలు పోటీలు పెడతాయి. ఫైటరు ఒప్పందం మీద సంతకం చేస్తాడు. పోరుకింత అని డబ్బు, గెలిస్తే పైన మరికొంత. దెబ్బ తగిలి ఆరు నెలలు మంచం పడితే ఆ ఆరు నెలలూ పోరు లేదు, పోరు లేకపోతే డబ్బూ లేదు.

ఆ దారిలోనూ మన దేశపు ఆడపిల్ల ఒకతె ముందుకు పోయింది. ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లా బుఢానా ఊరి పూజా తోమర్ చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్నది, తల్లి పెంచింది. వూషూ అనే చైనా యుద్ధవిద్యలో జాతీయ విజేత అయి ఎం.ఎం.ఏ.కు వచ్చింది. 2024 జూన్ 8న అమెరికాలోని లూయీవిల్‌లో, ఈ ఆటలో అన్నిటికన్నా పెద్ద సంస్థ అయిన యు.ఎఫ్.సి. పోటీలో నెగ్గింది. అక్కడ నెగ్గిన తొలి భారత మహిళ ఆమె. మరుసటి మార్చిలో లండనులో చెయ్యి కీలు పట్టుకు లొంగి ఓడింది. ఆమె వెనుక ఉన్నది కూడా ఒక తల్లి అన్నది మరువరాదు.

అమ్మానాన్నలకు ఒక మాట

మీ భయం అబద్ధమని నేననను. తలమీద ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్న బాక్సర్లకు మతి మందగించడం గురించి 1928లోనే అమెరికా వైద్యుడు మార్ట్‌లాండ్ రాశాడు. పళ్ళు ఊడవచ్చు, భుజం తప్పవచ్చు. లక్షమంది గ్లవ్సు తొడిగితే కిరీటం ఒక్కరికే. ఈ లెక్క పిల్లకు దాచకుండా చెప్పండి.

కాని లెక్క చెప్పడం వేరు, నోరు నొక్కడం వేరు. పిల్ల అడిగినప్పుడు నాలుగు సంగతులు చూడండి. నేర్పే గురువు ఎలాంటివాడు? దెబ్బ తగిలితే ఆపమనే గురువా, ఇంకా కొట్టమనే గురువా? చదువు పక్కనే నడుస్తున్నదా? వేళకు తగిన తిండి పెట్టగలమా? ఓడి వచ్చిన రాత్రి మనం ఏమంటాం? మొదటి మూడింటికీ జవాబు ఊళ్ళో వెతకవచ్చు. నాలుగవదానికి జవాబు ఇంట్లోనే ఉండాలి.

జమీల్ అహ్మద్ కూతురికి పిడికిలి బలం ఇవ్వలేదు. అది ఆమెకు పుట్టుకతో వచ్చింది, కష్టంతో పెరిగింది. ఆయన ఇచ్చిందల్లా మైదానంలో అడిగిన ఒక ప్రశ్నకు నిజమైన జవాబు, ఆ తరువాత ప్రతి ఉదయమూ తోడు. తల్లి ఇచ్చింది ఏడుస్తూనే వడ్డించిన అన్నం.

కృష్ణ ఒడ్డున గద్వాలలోనో, వనపర్తి చెరువుగట్టు పక్కనో, నల్లమల నీడన ఒక తండాలోనో అలాంటి పిడికిలి ఇవాళ కూడా ఒకటి ఉండే ఉంటుంది. ఆ పిల్ల ఈ సాయంత్రం మీ ఎదుట నిలబడి ఒక ప్రశ్న అడిగితే, పేపరు మడిచి కళ్ళజోడు తీసేముందు ఒక్క క్షణం ఆగండి. తండ్రి ఆగి జవాబు చెప్పిన ఇంటినుంచే ఒక ప్రపంచ విజేత వచ్చింది.